పైమూల తడి

నా భార్యని చంపింది నా తోడల్లుడు గంగరాజు. నలభై ఏడేళ్ళు ఈ మాట మీదే బతికాను. దాన్ని రుజువు చేయించుకోవడానికే ఆ ప్రయోగశాల మెట్లెక్కాను.

నేను పెద్దాపురంలో బైండర్ని. మా పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. పుస్తకాలు కుట్టినవాణ్నే గాని చదివినవాణ్ని కాను. చదివింది నా భార్య భూలక్ష్మి. ముప్ఫై నిండకుండా క్షయతో పోయింది. 1978 డిసెంబరు. పిల్లలు లేరు.

అంతకు రెండేళ్ళ ముందు వేసవిలో ఆమె సామర్లకోటలో చెల్లెలు నాగరత్నం ఇంటికి వెళ్ళి నెల్లాళ్ళు ఉంది. నాగరత్నం మొగుడు గంగరాజు రైస్‌మిల్లులో పనిచేసేవాడు. అప్పుడు దగ్గుతో మంచం పట్టాడు. భూలక్ష్మి కాఫీలు కాచి ఇచ్చింది, కఫం డబ్బా కడిగింది. తిరిగొచ్చిన మూడు నెలలకి ఆమెకి దగ్గు మొదలైంది. ఆమెకి అంటించినవాడు డెబ్భై దాటి బతికి, పదహారేళ్ళ క్రితం నిద్రలో పోయాడు. నాకు మండకుండా ఎలా ఉంటుంది?

భూలక్ష్మి ఆఖరి రోజుల్లో నాగరత్నం మా గుమ్మం దాకా వచ్చింది. "మీ ఇంటి జబ్బు ఇంకా మిగిలిందా, తెచ్చావా?" అని తలుపేశాను. లోపల మంచం మీంచి భూలక్ష్మి చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది. నేను తలుపు తియ్యలేదు.

కాకినాడ ప్రయోగశాలవాళ్ళకి పాత పత్రికలు కావాలని పేపర్లో చూశాను. లైబ్రరీలవి వద్దట. ఒకే ఇంట్లో కొద్దిమంది చేతుల్లో మెలిగినవి కావాలట. నా దగ్గర 'రేపటి లోకం' ఏడేళ్ళ సంచికలు ఉన్నాయి, ఏడాదికొక బైండు చొప్పున. అన్నీ రాకెట్లు, గ్రహాలు, యంత్రాల కథలు. భూలక్ష్మికి ప్రాణం.

అక్కడ మెహరున్నీసా అనే డాక్టరమ్మాయి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. నన్నొక పెట్టె ముందు కూర్చోబెట్టింది. కుట్టుమిషనంత ఉంది పెట్టె. దాన్ని వాళ్ళు 'జిహ్వ' అంటారు. 1973 ఆగస్టు సంచికలో ఒక కాగితం కింది మూల నుంచి కందిపప్పు బద్దంత ముక్క కత్తిరించి అందులో వేసింది. పావుగంట ఆగి తెర మీద చూసింది.

"కింది మూల బొటనవేలితో తిప్పేది మీరేనా అండీ?"

"నేనే. ఊళ్ళో పత్రిక అమ్మేది నేనే, పార్శిలు నా కొట్టుకే వచ్చేది. ఫారాలు, అదే పేజీల మడతలు, వరసగా పడ్డాయా లేదా అని వేలు తడి చేసుకుని ప్రతి కాపీ తిప్పి చూసేవాణ్ని."

"ఆ రోజు పొద్దున్నే చుట్ట కాల్చేరు. పెరుగన్నం తిన్నారు. ఒక పన్ను పుచ్చి ఉంది."

నేను నవ్వలేదు. ఆ పన్ను ఆ ఏడే పీకించుకున్నాను.

తడి ఆరిపోయినా అందులోది కాగితానికి పట్టే ఉంటుందట. మనిషి ఉమ్మి, ఆ ఉమ్మిలోని క్రిములు, ఆ క్రిములు ఏ ఇంటివో. సంచిక మీద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి కాబట్టి, ఏ నెలలో ఎవరి ఒంట్లో ఏముందో పెట్టె చెబుతుంది. పాత జబ్బులు ఊళ్ళలో ఎలా పాకాయో కనిపెట్టడానికి చేశారు దాన్ని.

"మరి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెబుతుందా?"

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "చెబుతుందండీ. అదే మాకూ భయం. కిందటేడు ఇద్దరన్నదమ్ములు ఇక్కడే, ఈ గదిలోనే, చొక్కాలు పట్టుకున్నారు."

"నాకు భయం లేదు. నా భార్యకి క్షయ అంటించినవాడి పేరు నాకు తెలుసు. మీరు రుజువు చేసి, అచ్చులో ఆ పేరు వెయ్యాలి."

"మేము పేర్లు వెయ్యమండీ."

"వేస్తేనే పుస్తకాలు ఇస్తాను."

పత్రికల్లో మూడు చోట్ల తడి ఉంది. కింది మూల నాది. పైమూల భూలక్ష్మిది, ఆమె చూపుడువేలితో తిప్పేది. తను చదివాక సంచికని సామర్లకోట పంపేది. అక్కడ గంగరాజు చదివి నాగరత్నానికి వినిపించేవాడు. వాడిది ఎడమచేతి వాటం, అంచు మధ్యలో పట్టి తిప్పేవాడు. ఏడాది చివర పన్నెండూ తిరిగొస్తే నేను బైండు కట్టేవాణ్ని. ముగ్గురం ఒకే కాగితం మీద ఉన్నాం. ఇంతకంటే మంచి సాక్ష్యం ఏ కోర్టుకి దొరుకుతుంది?

పరీక్షకి నాగరత్నం సంతకం కావాలన్నారు. చనిపోయిన మొగుడి తరఫున ఆవిడే పెట్టాలి. పైగా భూలక్ష్మి తడిని పోల్చి చూడటానికి చెల్లెలి నోటి తడి కావాలి. గంగరాజుది పోల్చడానికి వాడు నాలుకతో తడిచేసి అంటించింది ఏదైనా ఉందా అని అడిగారు. నా దగ్గర ఉంది. భూలక్ష్మి పోయిన రెండు నెలలకి వాడు ఒక ఇన్‌లాండు ఉత్తరం రాశాడు. నేను విప్పలేదు. చింపనూ లేదు. అట్ట పెట్టెలో అడుగున పడేశాను. క్షమాపణలు రాసి ఉంటాడు, నాకక్కర్లేదు అనుకున్నాను.

నాగరత్నం మనవరాలి చెయ్యి పట్టుకుని ప్రయోగశాలకి వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళు. నలభై ఏడేళ్ళ తర్వాత నన్ను చూసి ముందు అడిగిన మాట, "మోకాళ్ళు ఎలా ఉన్నాయి బావా?"

"సంతకం పెట్టు."

మనవరాల్ని బయట కూర్చోమంది. డాక్టరమ్మాయి చెప్పినదంతా విన్నది. కాసేపు చీర చెంగు మడిచింది, విప్పింది.

"వద్దమ్మా," అంది ఆ అమ్మాయితో. "పోయినోళ్ళు పోయేరు. ఈయనకి ఈ వయసులో ఇయ్యన్నీ ఎందుకు?"

"చూశావా అమ్మాయ్?" అన్నాను. "భయం. ఎందుకు భయం?"

"బావా, ఇంకోసారి ఆలోచించు."

"పెడతావా, పెట్టవా?"

పెట్టింది. నోట్లో దూది పుల్ల పెట్టించుకుంది. మనవరాలితో పాటు సోడా తాగి వెళ్ళిపోయింది. దొంగకి మొహం చెల్లదు అనుకున్నాను నేను.

బైండ్లు విప్పే పని నాదే. నేను కుట్టిన కుట్టు నేనే కోశాను. ఇంటి దగ్గర, అరుగు మీద, రోజుకి రెండు సంచికలు. ఆకులు విడదీస్తూ మొదటిసారి ఆ కథలు చదివాను. కూడబలుక్కుని చదవాలి నేను.

చంద్రుడి మీద కరువు వస్తే రేషన్ కార్డులు ఇచ్చిన కథ ఒకటి. నవ్వొచ్చింది. ఈ లోకంలోనే సరిగా ఇవ్వలేదు. రెండువేల సంవత్సరం నాటికి మనుషులు మాత్ర మింగి కడుపు నింపుకుంటారట. ఒకడు గాజుసీసాలో మాటలు దాచి, పదేళ్ళ తర్వాత మూత తీసి వింటాడు. రాసినవాళ్ళు బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు. వాళ్ళకి ఇంత ఎక్కడ దొరికిందో నాకు అర్థం కాలేదు. వాళ్ళు అనుకున్న వాటిలో సగం అబద్ధం, సగం మా ఇంట్లో బల్ల మీద ఉన్నాయి. భూలక్ష్మి అరుగు మీద ఇదే చోట కూర్చుని ఇవన్నీ ముందే చూసేసింది.

'వెనక్కి నడిచే రైలు' అనే కథ ఒకటి ఉంది. ఒక్కో స్టేషను ఒక్కో ఏడాది. ఒకడు భార్య బతికున్న స్టేషన్లో దిగాలని ఎక్కుతాడు. స్టేషను వస్తుంది, ఆమె ప్లాట్‌ఫారం మీద కనిపిస్తుంది, రైలు ఆగదు. ఆ కథ భూలక్ష్మి నాకు చెప్పబోయింది ఒకప్పుడు. నేను అట్టకి కాలికో గుడ్డ అంటిస్తున్నాను.

"ఆగని రైలు ఎవడెక్కుతాడే?" అన్నాను.

"ఎక్కేదాకా తెలీదుగా," అంది.

"ఎక్కినోడు వెధవ. లోపలికెళ్ళి కూర చూడు, మాడుతోంది."

మిగతాది చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు చదివాను, చివర ఇంకేం లేదు. ఆగదు, అంతే.

ఏడేళ్ళ సంచికలూ ప్రయోగశాలకి చేర్చాను. మెహరున్నీసా ఒక కాగితం పట్టుకుని వెలుతుర్లో చూసింది.

"సంచికకి రెండు ఆకులు చాలండీ. ముక్క కత్తిరిస్తే అక్కడి తడి ఖర్చయిపోతుంది. మళ్ళీ రాదు."

"అన్ని ఆకులూ చెయ్యండి. రేపు ఎవరూ సందేహం అనకూడదు."

"అన్నీ అంటే మీ ఆవిడగారిది ఏమీ మిగలదండీ. పైమూలలన్నీ పోతాయి. ఒక్క సంచికైనా ఉంచుకోండి."

"నాకు గుర్తులు అక్కర్లేదమ్మా. రుజువు కావాలి."

ఐదు వారాలు పట్టింది. వెళ్ళినప్పుడల్లా గాజు పళ్ళెంలో ముక్కలు చూసేవాణ్ని. పప్పుబద్దల్లా ఉండేవి. పెట్టెలోకి వెళ్ళేవి, బూడిదగా వచ్చేవి.

ఫలితం నాగరత్నం ఎదుటే చదవాలని నా షరతు. ఒక మంగళవారం పది గంటలకి ఇద్దర్నీ పిలిచారు. బల్లకి ఇటు నేను, అటు ఆవిడ. మధ్యలో స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు, కాగితాల కట్ట, విప్పని ఇన్‌లాండు ఉత్తరం. దాని అంటింపు అంచు నుంచి కొంచెం కత్తిరించి ఉంది.

డాక్టరమ్మాయి కూర్చోలేదు.

"ముందు గంగరాజుగారిది చెప్తానండీ. ఆయన తడి 1978 జనవరి దాకా ఉంది. మొత్తం పదకొండు వందల చోట్ల చూసేము. క్షయ క్రిమి ఎక్కడా లేదు."

"మళ్ళీ చూడండి," అన్నాను.

"మూడుసార్లు చూసేము. ఆయన ఉమ్మిలో ఊక దుమ్ము ఉంది. దండిగా ఉంది. మిల్లు దుమ్ముకి వచ్చిన దగ్గండీ అది. ఒకరికి అంటేది కాదు."

నేను నాగరత్నం వైపు చూశాను. ఆవిడ గ్లాసు వైపు చూస్తోంది.

"భూలక్ష్మిగారిలో క్రిమి మొదట కనిపించింది 1976 మార్చి సంచికలో."

"మే నెలలో కదా సామర్లకోట వెళ్ళింది!"

"అవునండీ. వెళ్ళేసరికే ఒంట్లో ఉంది. దగ్గు బయటపడలేదు, అంతే."

వినపడుతోంది, లోపలికి వెళ్ళడం లేదు. సామర్లకోటలో కాకపోతే ఇంకెక్కడ? ఆమె గడప దాటింది ఆ ఒక్కసారే. కొట్టుకి ఎవరొచ్చేవారు? పోస్టుమ్యాను, కాగితాలవాడు, స్కూలు పంతుళ్ళు. ఒక్కొక్కరి మొహం వెతికాను.

"ఎవరిది మరి?" అన్నాను.

ఆ అమ్మాయి కాగితం నా వైపు తిప్పింది. నెలల వరస. కింది మూల అని రాసిన గడిలో 1975 ఆగస్టు దగ్గర ఎర్ర చుక్క. సెప్టెంబరు ఎర్ర చుక్క. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. జనవరిలో చిన్న చుక్క. తర్వాత ఏం లేవు.

"కొంతమందికి దానంతటదే అణిగిపోతుందండీ. మనిషి మామూలుగా తిరిగేస్తాడు. తనకి వచ్చిందని కూడా తెలీదు. ఆవిడ క్రిమి, మీ క్రిమి ఒకటే. పెట్టె పొరపాటు పడలేదు. అది పొరపాటు పడాలని నేనే చాలా చూసేను."

ఆ ఏడు వానల్లో నేను దగ్గాను. గుర్తుంది. అట్ట దుమ్మన్నాను. కాలికో గుడ్డకి పూసిన గంజి పొడన్నాను. చుట్ట మానమని భూలక్ష్మి అంటే, "దగ్గితే చస్తానా?" అన్నాను. ఆర్నెల్లు దగ్గాను, అరిచాను, తిన్నాను, బాగుపడ్డాను. ఒకే గదిలో పడుకున్నాం.

"ఆ తడి నాలుకకి తగిలి వచ్చిందా?" అని అడిగాను.

"కాదండీ. అది గాలిలో వస్తుంది, దగ్గితే. కాగితం చూసింది, అంతే."

చూసింది. నలభై ఏడేళ్ళు నా ఇంట్లో, నేను కుట్టిన అట్టల మధ్య కూర్చుని, నోరు మూసుకుని.

"ఇంకొకటి ఉంది," అంది డాక్టరమ్మాయి. ఈసారి కూర్చుంది. "1977 అక్టోబరు నుంచి పైమూలలో భూలక్ష్మిగారి తడి లేదు. కాగితం మాత్రం నీటికి ఉబ్బి ఉంది. బావి నీళ్ళలా ఉన్నాయి, ఉప్పు ఉంది. అది ఏంటో మాకు అర్థం కాలేదు."

నాకు అర్థమైంది.

గిన్నె. ఇత్తడిది, చిన్నది. ఆ అక్టోబరు నుంచి చదవడానికి కూర్చున్నప్పుడల్లా పక్కన నీళ్ళు పోసి పెట్టుకునేది. వేలు అందులో ముంచి పేజీ తిప్పేది. "దొరసానికి నాలుక కూడా అరిగిపోతోందా?" అన్నాను నేను. "కాగితాలన్నీ నానబెడుతున్నావ్. రేపు బైండు కట్టేది నేను." ఆమె నవ్వింది. గిన్నె తియ్యలేదు. నేను ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆ తర్వాతి ఫిబ్రవరిలో, రక్తం పడ్డాక. అంటే నాలుగు నెలల ముందే తెలుసు ఆమెకి. వేరే కంచం పెట్టుకుంది, వేరే చాప వేసుకుంది. గదిలో ఉక్క అంది, నడుం నొప్పి అంది. నేను నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది.

"ఒక్క ఆకైనా మిగిలిందా అమ్మా?" అన్నాను. "పైమూల. ఆమెది."

డాక్టరమ్మాయి తల అడ్డంగా ఊపింది. "మీరే అన్నీ అన్నారండీ."

నేనే అన్నాను.

నాగరత్నం ఇన్‌లాండు ఉత్తరం తీసుకుని నా ముందుకి తోసింది. "ఇప్పుడైనా చదువుకో బావా."

విప్పాను. మడతల దగ్గర చిరిగింది. గంగరాజు అక్షరాలు ఎడమ వైపుకి వాలి ఉంటాయి.

'అన్నయ్యగారికి నమస్కారాలు. వదినగారు పోయినప్పుడు మమ్మల్ని రానివ్వలేదు. ఆ బాధలో ఎవరైనా అంతే. నేను కాకినాడ వెళ్ళి ఛాతీ ఫొటో తీయించుకున్నాను. కఫం కూడా చూశారు. నాకు ఆ జబ్బు లేదన్నారు. ఇది మిమ్మల్ని నమ్మించడానికి రాయడం లేదు. మూడేళ్ళ కిందటి వానల్లో మీరు బాగా దగ్గేవారు, నేను చూశాను. మీరు కూడా ఒకసారి ఫొటో తీయించుకోండి. వదినగారి మీద ఒట్టు, ఆలస్యం చెయ్యకండి. గంగరాజు.'

రెండుసార్లు చదివాను. కూడబలుక్కుని చదవాలి కదా నేను.

నేను వాణ్ని తిట్టాను. సంతలో తిట్టాను. మిల్లు గేటు ముందు నిలబడి తిట్టాను. వాడి కూతురి పెళ్ళికి వెళ్ళేవాళ్ళని దారిలో ఆపి, ఆ ఇంట్లో నీళ్ళు తాగొద్దని చెప్పాను. వాడు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. తప్పు చేసినవాడు కాబట్టి ఊరుకున్నాడు అనుకున్నాను.

"నీకు తెలుసా?" అన్నాను నాగరత్నంతో.

"ఆయనకి అనుమానం. నాకూను."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎక్కడ చెప్పను బావా? తలుపేసేవుగా."

డాక్టరమ్మాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ చూడటానికి ఏమీ లేదు, ఎదురుగా గోడే.

నేను అడగాల్సింది ఒకటి మిగిలింది. అడగకుండా చచ్చిపోవచ్చు. అడిగాను.

"ఆమెకి తెలుసా? నా వల్లే అని?"

మోకాళ్ళ గురించి అడిగినంత మామూలుగా చెప్పింది నాగరత్నం.

"ఎవరి దగ్గర్నించి వచ్చిందో అక్క ఎప్పుడూ అనలేదు. నీకు రాకూడదని మాత్రం అంది. ఆ దసరాకి వచ్చినప్పుడు అడిగేను, ఈ గిన్నె ఏంటే అని. 'ఆయన వేలు నాకేస్తారే, ఈ కాగితాలు మళ్ళీ ఆయనే కుట్టాలి' అంది."

గదిలో పెట్టె చిన్నగా గుర్రుమంటోంది. అది ఎప్పుడూ ఆగదట.

కాసేపటికి డాక్టరమ్మాయి వచ్చి కాగితాల కట్ట నా ముందు పెట్టింది. పదకొండు పేజీలు. ఫలితం విన్నానని, ఒప్పుకున్నానని ప్రతి పేజీ మీదా సంతకం చెయ్యాలి.

"మీరు పేరు వెయ్యాలన్నారు. అది అప్పటి మాట. ఇప్పుడు నేను వెయ్యను. ఒక బైండరు, ఆయన భార్య అని రాస్తాను. ఎవరికీ తెలీదు."

"వెయ్యి."

"నూకరాజుగారూ…"

"వాడి పేరైతే వెయ్యమన్నానా లేదా? ఇంటిపేరుతో సహా వెయ్యి. దేవగుప్తపు నూకరాజు. పెద్దాపురం. కింద గంగరాజు నిర్దోషి అని వెయ్యి. పెద్ద అక్షరాల్లో."

"బావా, వద్దు," అంది నాగరత్నం.

"నువ్వు ఊరుకో. నలభై ఏడేళ్ళు ఊరుకున్నావు, ఇంకాసేపు ఊరుకో."

మొదటి పేజీ మీద సంతకం చేశాను. నా సంతకం ఎప్పుడూ వంకరే. రెండో పేజీ తిప్పాలి. కొత్త కాగితాలు, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. డెబ్భై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే లేచింది. బొటనవేలు నోటి దాకా వచ్చింది. పెదవికి తగిలింది.

ఆగిపోయాను.

నాగరత్నం నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

వేలు ముంచాను. పేజీ తిరిగింది.